పాప చేతి ముద్ద

"ఆ కంచం ఇటివ్వండి పెద్దమ్మగారూ."

"ఇయ్యను. ఇస్తే మళ్లీ నోట్లో పెడతావు."

"పెడతాను. నా కూతురికి నేను పెట్టుకుంటే మీకేంటండీ? పొద్దుట్నుంచీ రెండు బిస్కెట్లు తప్ప ఏమీ తినలేదు పిల్ల."

"తినకపోతే పోనీ. ఆకలైతే చెయ్యి అదే లేస్తాది."

"మీకు మనసనేది ఉందా అసలు?"

"ఉండాది. ఉండబట్టే కంచం పట్టుకోని కూచోనుండా."

"పన్నెండేళ్లు పెంచానండీ నేను! మొన్నొచ్చి మీరు నాకు నేర్పుతారా?"

"పన్నెండేండ్లు నువ్వే నోట్లో పెట్టినావు గాబట్టే, రేప్పొద్దన బళ్లో ఎవురు పెడతారని ఈ పొద్దు ఏడుస్తాండావు."

కంచం కోసం చాచిన చెయ్యి పాప తల్లి వెనక్కి తీసుకుంది. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. చెప్పవలసిన మాటకు బెల్లం పూయడం ఎందుకని నా లెక్క.

మా ఇద్దరి మధ్యా బల్ల ముందు, చక్రాల కుర్చీలో కూర్చుని, ఎవరు మాట్లాడితే వాళ్ల నోరు చూస్తూ ఉంది పాప. కంచంలో ముద్దపప్పు, నెయ్యి వేసి కలిపిన అన్నం చల్లారిపోతూ ఉంది.

ఆ ఇల్లు కువైట్‌లో, హవల్లీ అనే పేటలో. కింద ఫోన్లు బాగుచేసే అంగళ్లు, పైన వాటాలు. సాయంత్రమైతే కిటికీలోంచి కాల్చిన మాంసం వాసన, బళ్ల, బస్సుల హారన్లు, ఎవరో ఎవరినో అరబ్బీలో తిట్టడం, అన్నీ కలిసి లోపలికి వచ్చేవి. ఏసీ నీళ్లు కారడానికి ఆ ఇంటివాళ్లు ఒక బకెట్ పెట్టి, నిండగానే పారబోసేవారు. మంచి నీళ్లు, ఎందుకు పారబోయడం? అవే నీళ్లతో నేల తుడిచేట్టు చేశాను. ఇప్పుడు అక్కడ వేరే వాళ్లుంటున్నారు. నేనుండే రిగ్గై నుంచి బస్సులో అటు పోయినప్పుడల్లా తల వంచి ఆ కిటికీని వెతుక్కుంటాను. కనబడితే ఆ రోజంతా నా మనసు కొంచెం మెత్తబడుతుంది.

పాప తల్లిదండ్రులది విజయవాడ. ఆయన కట్టడాల దగ్గర ఇంజినీరు. ఆమె మిర్కాబ్‌లో ఒక కంపెనీలో కంప్యూటర్ పని. పాప పుట్టేటప్పుడు మెదడుకు గాలి సరిగా అందలేదట. కాళ్లు నిలవవు. కుడిచెయ్యి మోచేతి దగ్గర ముడుచుకుని రొమ్ముకు అంటుకుని ఉంటుంది. మాట ఒక్కొక్క ముక్కగా, ఆగి ఆగి వస్తుంది. తెలివికి మాత్రం ఏ లోటూ లేదు. మనం దాచిపెట్టుకున్నామనుకునేదంతా ఆ పిల్లకు తెలుసు.

ఇన్నాళ్లూ ఇంట్లో పాపను చూసుకున్న మనిషి తన దేశానికి వెళ్లిపోయింది, ఇక రానంది. హవల్లీలోనే ఇట్లాంటి పిల్లలకు ఒక బడి ఉంది. చోటు ఖాళీ అయిందని కబురొచ్చింది. కాని వాళ్లది ఒకటే పట్టుదల. పిల్ల తన తిండి తను తినాలి. బాగా తినకపోయినా సరే, తినడానికి పూనుకోవాలి. ఒక్కొక్కరి నోట్లో పెట్టడానికి మా దగ్గర మనుషులు లేరు, తీసుకొచ్చి మా ఎదుట తినిపించండి, చూసి చెబుతాం అన్నారు. ఆ చూపులు మర్నాడు పొద్దున.

పగలంతా ఉండే మనిషి ఎంత వెతికినా నాకూ దొరకలేదు. బడివాళ్లు వద్దంటే ఇంకొక దారి లేదు. ఆమె ఉద్యోగం మానుకుని, పాపను తీసుకుని విజయవాడ వెళ్లిపోవాలి. ఆయన ఇక్కడే ఉండి సంపాదించాలి. ముగ్గురూ ఒక ఇంట్లో ఉంటారా ఉండరా అనేది ఆ కంచం మీద నిలబడి ఉంది. అందుకే ఆమెకు అంత భయం, నాకు అంత మొండితనం.

నేనెవరు, ఆ ఇంట్లో కంచం లాక్కునే హక్కు నాకెక్కడిది అంటారేమో. చెబుతాను.

మాది రాయచోటి దగ్గర. మూడో తరగతితో నా చదువు ఖలాస్. కువైట్‌కు వచ్చింది ఇంటి పనికి. నన్ను పనికి పిలిపించుకున్న కఫీల్ ఇంట్లో, మేం మామా అని పిలిచే యజమానురాలి పెద్దకొడుకు మంచాన ఉండేవాడు. మనిషి ఎదిగాడు, ఒళ్లు ఎదిగింది, నడక మాత్రం రాలేదు. వంటింటి నుంచి నన్ను తీసి ఆయన గదిలో పెట్టింది మామా. ఎత్తడం, పడుకోబెట్టడం, ఒక పక్కనే ఉంటే ఒళ్లు పుండు పడుతుందని తిప్పి పడుకోబెట్టడం, అన్నీ ఆ గదిలోనే నేర్చుకున్నాను. లేచే మంచం ఎక్కడ దొరుకుతుంది, కుర్చీ చక్రం విరిగితే ఎవరు అతుకుతారు, కాళ్లు సాగదీయించే వాళ్లలో ఎవరు ఓపికగా చేస్తారు, ఎవరు ఫోన్ చూసుకుంటూ చేస్తారు, ఇవన్నీ నాకు తెలియకుండానే నా తలలో చేరిపోయాయి.

సాయంత్రాలు సముద్రం ఒడ్డుకు తీసుకుపొమ్మనేవాడు. నీళ్లకేసి చూస్తూ ఉండిపోయేవాడు. నేను పక్కన కూర్చుని గుమ్మడి విత్తనాలు ఒలుచుకునేదాన్ని. మామా ఫ్లాస్కులో పోసిచ్చిన ఏలకుల టీ మాకిద్దరికీ ఒకటే కప్పు. మొదట ఆయనకు పట్టేదాన్ని, మిగిలింది నేను తాగేదాన్ని. ఆ గాలి, ఆ ఉప్పు వాసన, ఆ ఏలకులు, ఇప్పటికీ తలుచుకుంటే నోట్లోకి వస్తాయి.

ఆ ఇంట్లో దేనికీ కొదవ లేదు. మామాకు ఉన్న బెంగ ఒకటే. ఆయన చిన్నప్పటినుంచీ నోట్లో పెడితేనే తిన్నాడు. ఆమె పెట్టింది, అక్కలు పెట్టారు, మాలాంటి పనిమనుషులం పెట్టాం. "నేను పోయాక వీడి నోట్లోకి చెంచా ఎవరు తెస్తారే?" అని అరబ్బీలో నన్ను అడిగేది. ఆమె పోకముందే ఆయన పోయాడు. మామా నన్ను పట్టుకుని ఏడ్చి, "ఖలాస్, నువ్వు ఇంక బరువులెత్తొద్దు, నీ కూతురి దగ్గర కూర్చో" అని సంతకం పెట్టి వదిలిపెట్టింది. ఇక్కడ ఉండడానికి కావలసిన నా ఇఖామా కాగితాలు అల్లుడు తిరిగి సరిచేయించాడు. అట్లా రిగ్గైలో కూతురింట్లో చేరాను.

కూర్చోమంటే కూర్చునే ఒళ్లా ఇది? మనవాళ్ల ఇళ్లలో పూజకో, పుట్టినరోజుకో పోతే, ఎక్కడో ఒక మూల గదిలో తలుపు దగ్గరేసి ఒక బిడ్డనో, ఒక ముసలాయననో ఉంచేవాళ్లు. నేను ఆ తలుపు తోసుకుని పోయేదాన్ని. "ఈ కుర్చీ ఈ బిడ్డకు పెద్దదమ్మా, నడుం వంగిపోతాది" అనేదాన్ని. "చిన్నది యాడ దొరుకుతాది పెద్దమ్మా?" అని అడిగేవాళ్లు. చెప్పేదాన్ని. ఒకరికి కుర్చీ, ఒకరికి డ్రైవరు, ఒకరికి పగటిపూట ఉండే మనిషి. నాకు రాయడం పెద్దగా రాదు కాబట్టి అన్నీ ఫోన్లో మాటగా పంపేదాన్ని. నా కూతురు నవ్వింది.

"అమ్మా, దీన్ని సపోర్ట్ కోఆర్డినేటర్ అంటారు తెలుసా? పెద్ద చదువులు చదివి చేస్తారు ఈ పని."

"పేరు ఎంత పొడుగుంటే ఏముండాదిలే. ఎవురి కింద చెయ్యాలంట?"

"ఎవరి కిందా కాదు. నువ్వే."

"అట్లయితే సరే."

అల్లుడు కార్డులు కొట్టిస్తానన్నాడు. వద్దన్నాను. నన్ను వెతుక్కునే అవసరం ఉన్నవాళ్లకు కార్డు అక్కర్లేదు, అవసరం లేనివాళ్లు దాన్ని చెత్తలో వేస్తారు. కాగితం దండగ.

అట్లా మొదలుపెట్టాక, మొదటినుంచి చివరిదాకా నా మీద పెట్టిన తొలి ఇల్లు ఈ హవల్లీ ఇల్లే. పాపను బడికి తీసుకుపోవడానికి రాజంపేట డ్రైవరును మాట్లాడాను. కుర్చీ ముడిచి బండిలో పెట్టడం నేనే వాడికి చేసి చూపించాను. వారానికి రెండుసార్లు వచ్చి చేతులు కాళ్లు ఆడించడానికి ఒక కేరళ అమ్మాయిని కుదిర్చాను. చదువుకున్న పిల్ల, పని తెలిసిన పిల్ల. ఏ కీలు ఎంత వంచాలో ఆమెకు తెలుసు. నాకు తెలిసిందల్లా ఆమె ఎక్కడుందో, ఏ పొద్దు ఖాళీగా ఉంటుందో. ఒకరి తెలివిని ఇంకొకరి ఇంటికి చేర్చడమే నా పని.

తిండి అలవాటు చేయడం మొదలుపెట్టాక మాత్రం ఆ ఇంట్లో రోజూ యుద్ధమే. లావు పిడి చెంచా కొందామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇంట్లో ఉన్న చెంచాకే పాత సైకిల్ పిడి రబ్బరు తొడిగాను, కొనేదానికంటే బాగానే కుదిరింది. పెరుగన్నం పెట్టాం, ఉప్మా పెట్టాం. ముడుచుకున్న కుడిచేతిని తల్లి మెల్లగా తెరిచి, చెంచా పట్టించి, వదిలేది. వదిలిన మరుక్షణం చెయ్యి గుంజుకుని పోయేది, చెంచా పాప చెవి పక్కనుంచి ఎగిరి గోడకు తగిలేది. గోడ మీద పెరుగు మరకలు తుడిచీ తుడిచీ రంగు లేచిపోయింది.

కేరళ అమ్మాయి మొదటిరోజే అంది, "ఎడమచెయ్యి బాగుందండీ ఈ పాపకు. బొమ్మలు, రంగులు అన్నీ దాంతోనే చేస్తోంది."

"ఆటలకు సరేనండీ, అన్నం మాత్రం కుడిచేత్తోనే" అంది తల్లి.

"అవునమ్మా, అన్నానికి ఎడంచెయ్యేంది!" అన్నాను నేను.

పొద్దున లేస్తే అన్నింటికీ కొట్లాడుకునే మేమిద్దరం ఆ ఒక్కదాని దగ్గర ఒకటే మాట. మన ఇళ్లలో చంటిబిడ్డ ఎడమచెయ్యి కంచంలో పెడితేనే చేతి మీద చిన్నగా కొడతాం. ఇక్కడి అరబ్బులు కూడా ఎడమచేత్తో తినరు. నలుగురిలో కూర్చున్నప్పుడు పిల్ల ఎడమచేత్తో కలుపుకుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు? కేరళ అమ్మాయి కూడా మనలాంటి ఇంట్లో పుట్టిందే కదా, ఒకసారి తల ఊపి ఊరుకుంది. తినేటప్పుడు తల్లి పాప ఎడమచేతిని తన ఒళ్లో పెట్టుకుని పట్టుకునేది. ఆమె ఆఫీసుకు పోతే నేను పట్టుకునేదాన్ని. అట్లా వారాలు గడిచాయి. తల్లికి ఓపిక పోయినప్పుడు నేను చూడకుండా నాలుగు ముద్దలు నోట్లో పెట్టేసేది. నాకు తెలిసేది. అందుకే ఆ సాయంత్రం కంచం లాక్కున్నాను.

నేను బడి మాట ఎత్తాక తల్లి పాప పక్కన కూర్చుని, దాని ఎడమచేతిని ఒళ్లో పెట్టుకుంది. తరవాత కంటినీళ్లు తుడుచుకుని మెల్లగా అంది. "పెద్దమ్మగారూ, నేను పెట్టేది దానికి చేతకాదని కాదండీ. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తాను. అది రోజంతా ఏం చేసిందో చెప్పలేదు, నేనేం చేశానో దానికి అక్కర్లేదు. ఆ ముద్దలు పెట్టే కాసేపే మేమిద్దరం. అది కూడా తీసేసుకుంటే నాకేం మిగుల్తుంది చెప్పండి?"

అప్పుడే పని నుంచి వచ్చిన పాప తండ్రి బూట్లు విప్పకుండానే గుమ్మంలో నిలబడిపోయాడు. అరుపులు మెట్ల దాకా వినబడ్డాయట.

"ఏంటి, మళ్లీ కొట్టుకుంటున్నారా?" అన్నాడు.

"లేదు నాయనా, మాట్లాడుకుంటాండాము."

"కింద అంగడివాడు కూడా అదే అన్నాడు, మీవాళ్లు చాలా గట్టిగా మాట్లాడుకుంటున్నారు అని."

ఆయన మాటకు మేం అటు తిరిగాం. తల్లి పాప చెయ్యి వదిలింది. నేను కంచాన్ని బల్ల మీద పెట్టాను. ఇంకేముంది, పాప ఎడమచెయ్యి చాచి, కంచంలోకి దించి, పిడికెడు పప్పన్నం పట్టుకుంది.

"ఆ చెయ్యి కాదే!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం.

పాప ఆగలేదు. పిడికిలి బల్ల అంచుకు ఆనించి, తల వంచి, చేతి దాకా నోటిని తెచ్చుకుంది. సగం గడ్డానికి అంటుకుంది, కొంత గౌను మీద పడింది. మిగిలింది లోపలికి పోయింది. నమిలింది. మింగింది. మా ఇద్దరి మొహాలూ చూసి,

"మీరు... కొట్టుకోండి. నేను... తింటా" అంది.

తండ్రి గుమ్మంలోనే నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ నవ్వుతూ గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. తల్లి ఆ ఎడమచేతిని పట్టుకోవడానికి చెయ్యి చాచింది. పాప మళ్లీ పిడికిలి నింపింది. తల్లి చాచిన చెయ్యి అట్లాగే గాలిలో ఉండిపోయింది. పాప వేళ్ల మధ్య నుంచి అన్నం జారిపోవడం చూసి, "పలచగా ఉందమ్మా, అందుకే జారుతోంది, ఉండు" అంటూ కంచం తన వైపు లాక్కుంది. ఈసారి నేను అడ్డు పడలేదు. ఆమె అన్నాన్ని గట్టిగా పిసికి, నిమ్మకాయంత ముద్దలు చేసి కంచం అంచు పొడుగునా పేర్చింది. ఒక్కొక్క ముద్దనూ పాప పట్టుకుపోతుంటే, ఇంకొక ముద్ద పెట్టేది. నోటికి కాకుండా కంచానికి పెడుతూ ఉంది, అంతే తేడా.

"అమ్మమ్మా... నువ్వు కూడా... తిను" అంది పాప నాతో, నోటినిండా అన్నంతో.

"నాకెందుకమ్మా, ఉన్న నాలుగు మెతుకులు నువ్వు తిను" అన్నాను. ఆ రోజు కిందపడ్డ అన్నం నేనే ఎత్తాను, ఎత్తుతున్నప్పుడు దండగైందని మాత్రం అనిపించలేదు.

నేను ఇంటికి బయల్దేరేటప్పుడు తల్లి చెప్పుల దగ్గరికి వచ్చింది. "రేపు వాళ్లు ఎడమచేత్తో తింటే ఒప్పుకుంటారంటారా పెద్దమ్మగారూ? అది మన ఇల్లు కాదు కదా."

"తెలీదమ్మా. తెలీంది తెలుసని ఎట్ల చెప్తా?"

"పోనీ రేపొక్క రోజుకు కుడిచేత్తోనే పట్టిస్తే..."

"నీ బిడ్డ. నువ్వే చెప్పల్ల."

మర్నాడు పొద్దున డ్రైవరు బండి తెచ్చాడు. బడికి పోయాం. పొడుగు గది, పొట్టి బల్లలు, గోడల మీద పిల్లలు వేసిన ఒంటెలు. అక్కడ పంతులమ్మను అబ్లా అంటారు. మా పాప దగ్గర కూర్చున్న అబ్లా ఈజిప్టు మనిషి, చెయ్యి మెత్తగా ఉంది, మొహంలో నవ్వు ఉంది. తల్లి డబ్బా మూత తీసింది. గట్టిగా చేసిన ముద్దలు. "బిస్మిల్లా, యల్లా" అంది అబ్లా, దేవుడి పేరు తలుచుకుని మొదలుపెట్టు అని.

పాప ఎడమచెయ్యి చాచింది. అబ్లా ఆ చేతిని నెమ్మదిగా పట్టుకుని కిందికి దించి, ముడుచుకున్న కుడిచేతిని తెరవబోయింది. మేం ఇన్నాళ్లూ చేసినట్టే. పాప తల్లికేసి చూసింది. నేనూ తల్లికేసే చూశాను. అది నేను అనవలసిన మాట కాదు.

తల్లి లేచి నిలబడింది. ముందు ఇంగ్లీషులో చెప్పింది, అబ్లాకు సరిగా అర్థం కాలేదేమో, నావైపు తిరిగి, "అరబ్బీలో చెప్పండి పెద్దమ్మగారూ. ఆ చెయ్యి వదిలేయమనండి. మా పాప ఆ చేత్తోనే తింటుంది. నేనే ఒప్పుకున్నానని చెప్పండి" అంది. చెప్పాను. అబ్లా ఒక్క క్షణం ఆగి, పక్క గదిలోని బడి పెద్దావిణ్ని పిలిచింది. ఇద్దరూ తక్కువ గొంతుతో ఏదో మాట్లాడుకున్నారు. పెద్దావిడ పాప చేతులు రెండూ తాకి చూసి, "ఖల్లీహా" అంది, వదిలెయ్యి అని. అబ్లా వదిలింది.

పాప తిన్నది. కొన్ని ముద్దలు తిన్నది, ఒకటి నేల మీద పడింది, డబ్బాలో ఇంకా కొన్ని ఉండగానే చాలంది. అబ్లా తడిగుడ్డతో దాని మూతి తుడిచింది. ఇక్కడ బడి వారం మొదలయ్యే ఆదివారం నుంచి తీసుకురమ్మన్నారు, మొదటి నెల మధ్యాహ్నం దాకానే, తరవాత చూద్దామన్నారు. ఆ నెల మధ్యాహ్నాలు పాపను నేను చూసుకుంటానన్నాను.

పాపను బండిలో కూర్చోబెట్టి, కుర్చీ ముడిచి వెనక పెట్టాం. తల్లి అక్కడే టాక్సీ ఎక్కి మిర్కాబ్‌కు ఆఫీసుకు వెళ్లిపోయింది. నేను పాప పక్కన కూర్చుని, డబ్బాలో మిగిలిన ముద్దలు తింటూ హవల్లీ ఇంటికి పోయాను.